పెరిగే గీత

దేశాల జట్ల జూనియర్ బాస్కెట్‌బాల్ పోటీలకు ముందురోజు ఆడపిల్లల వయసు సరిచూసేది ఎక్స్‌రే గదిలో పనిచేసే ఆవిడే. పెరిగే వయసులో మణికట్టు ఎముకల్లో సన్నటి గీత కనిపిస్తుంది. ఎదుగుదల ఆగితే అది చెరిగిపోతుంది; గీత లేకపోతే వయసు మీరినట్టే, ఆడనివ్వరు. చల్లటి పలక మీద పెట్టేముందు ప్రతి చేతినీ తన అరచేతుల మధ్య కాస్త వెచ్చబరుస్తుంది. "కదలకమ్మా" తప్ప మరో మాట ఆడదు. ఈసారి సొంత దేశపు జట్టులోకెల్లా పొట్టిపిల్ల వచ్చి కూర్చుంది.

"ఆంటీ, నేనింకా పొడుగవుతానా? రెండంగుళాలు పెరిగితే పెద్దల జట్టుకి చూస్తానన్నారు కోచ్."

ఎక్స్‌రే తీసి చూస్తే తెర మీద గీత జాడ మాత్రమే మిగిలింది. అబద్ధం ఆవిడ నోటిదాకా వచ్చి ఆగింది.

"వయసుకి ఈ జాడ చాలు, రేపు ఆడొచ్చు. ఎత్తుకి చాలదమ్మా."

పిల్ల తెరవైపు చూసి లేచింది. "అయితే రోజూ గోడకానుకుని కొలుచుకోవడం మానేస్తాను" అంది. మిగతా పిల్లలంతా వంగి దాటే గుమ్మంలోంచి నిటారుగా నడిచి వెళ్లిపోయింది.