వెలుతురు కనపడే ఫిల్టరు

టైపు మాస్టారు ఆలోచనలో పడ్డారంటే పది వేళ్లకీ పని పడుతుంది. ఇన్‌స్టిట్యూట్ మూసేసి ఎన్నేళ్లయినా ఆ అలవాటు పోలేదు. ఇవాళ స్పేర్‌పార్ట్స్ కొట్లో గాజుబల్ల మీద వేళ్లు టకటకలాడిస్తూ నిలబడ్డారు. పాత మోటారుసైకిల్ ఆయిల్ ఫిల్టరులో వలలాంటి జాలీ చిరిగింది. కొట్టతను రెండు తెచ్చి ముందు పెట్టాడు. ఒకటి కాగితంది, వాడి పారేసేది. రెండోది స్టీలు జాలీది, కడిగి మళ్లీ వాడుకునేది. "ఈ వయసులో కిరోసిన్‌లో చేతులు పెట్టడం ఎందుకు మాస్టారూ? కాగితంది పట్టుకెళ్లండి." మాస్టారు దాన్ని ట్యూబులైటుకేసి ఎత్తి, ఒంటికన్నుతో చూసి పెదవి విరిచారు. "దీంట్లోంచి వెలుతురు రాదయ్యా. మా ఆవిడ ఒప్పుకోదు."

పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతది. పెరటి మెట్ల మీద కూర్చుని ఆయన పాత టూత్‌బ్రష్షుతో జాలీ తోమితే, ఆవిడ పిండి జల్లెడ చూసినట్టు ఎండకెత్తి చూసేది. ఇనుప రజను వెంట్రుకంత ఉన్నా పట్టేసేది. "ఇదేం కడగడం? మళ్లీ కడగండి" అని ఒళ్లో పడేసేది. ఆవిడ సరేనంటేనే బండి గేటు దాటేది. ఇవాళ ఇంటికి తెచ్చిన కొత్త స్టీలుదాన్ని కూడా, కొట్లో జిడ్డు అంటుకుందన్న వంకతో, కడిగి ఆవిడని పిలిచారు. ఆవిడ గోడ తడుముకుంటూ వచ్చి కూర్చుని, జాలీని ఎండకెత్తింది. ఇప్పుడా కళ్లకి ఎండ ఎటుందో తెలుస్తుంది, అంతే. జాలీలోంచి వెలుతురు ఆవిడ బుగ్గ మీద సన్నటి చుక్కలుగా, ఒక్క చుక్కా తప్పకుండా పడుతోంది. "ఈ మూల నలుసుంది" అంది. మాస్టారి వేళ్లు మోకాలి మీద టకటకలాడి ఆగాయి. "నీ కళ్లబడకుండా ఏదీ పోదు కదా" అని గొణుగుతూ, బ్రష్షు మళ్లీ కిరోసిన్‌లో ముంచారు.