రెండు దార్ల మామయ్య

మామయ్యకి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏదైనా సరే రెండు దార్లలో పోవాలి, ఆ రెండూ మధ్యలో ఎక్కడా కలవకూడదు. పెళ్ళికి వెళ్ళినా అంతే. అత్తయ్యది ఒక బస్సు, తనది ఇంకో బస్సు. ఒకసారి అత్తయ్య ముహూర్తానికి ముందే చేరింది. మామయ్య బస్సు ఊళ్ళన్నీ చుట్టబెట్టి, వంటవాళ్ళు గిన్నెలు తోముకుంటుండగా చేరింది.

"చూశావా! ఇద్దరం ఈ బస్సే ఎక్కి ఉంటే మన తరఫున ఒక్కరూ ఉండేవాళ్ళు కాదు," అన్నాడు ఖాళీ కంచం ముందు కూర్చుని.

"ఇద్దరం ఆ బస్సెక్కి ఉంటే ఇద్దరం తినేవాళ్ళం," అంది అత్తయ్య.

ఈ పిచ్చి ఆఫీసులో అంటుకుంది. టెలిఫోన్ కేబుళ్ళు వేసే కంపెనీలో కాంట్రాక్టులు రాయడం ఆయన పని. ఇక్కణ్ణించి అక్కడికి కేబుల్ వెయ్యాలి అని రాస్తే చాలదు. ఏ వీధి, వీధికి ఏ పక్క, ఏ వంతెన మీదుగా, అన్నీ రాయాలి. ఆసుపత్రి లాంటి చోట్లకైతే రెండు కేబుళ్ళు, రెండు వేరువేరు దార్లలో. ఒకటి తెగినా రెండోదాంట్లో మాట పోతుంది. ఓసారి మేస్త్రీ ఆ రెండింటినీ తెచ్చి ఒకే గోతిలో పూడ్చేశాడు.

"రెండూ వేశాను కదా సార్!"

"వేశావు నాయనా. ఒక్క పార వేటుకి రెండూ తెగేట్టు వేశావు."

"రెండోదానికి అవతలి వీధంతా చుట్టి రావాలి సార్."

"కాంట్రాక్టులో రాసిందీ అదే. చుట్టు."

చుట్టాడు. చుట్టినంత మేరా మామయ్యని తిట్టాడు.

ఇంట్లోనూ ఇదే తంతు. కింది వాటాలో ఉండే చెల్లెలికి ఏదైనా చెప్పాలంటే అత్తయ్యని ముందు మెట్ల మీంచి పంపేవాడు. ఆవిడ చెప్పి వెనక్కి తిరగకముందే తను వెనక మెట్లు దిగి మళ్ళీ అదే చెప్పేవాడు.

"ఇప్పుడేగా అన్నయ్యా, వదిన చెప్పింది!"

"వచ్చి చెప్పిందా? అయితే సరే," అని సంతోషంగా మెట్లెక్కేవాడు.

ఆ చెల్లెలిది కంచు గొంతు. ఆమె కూతురు మాత్రం నోట్లో నాలుక లేని పిల్ల. పదో తరగతితో చదువు ఆగిపోయింది. తల్లి మాట్లాడుతుంటే ఆ పిల్ల మాట ఉప్పెనలో ఉమ్మేసినట్టే.

ఆ ఏడు మామయ్య కంపెనీ వాళ్ళు గాజు తీగలు అతికించే పని నేర్పుతామన్నారు. వెంట్రుకంత తీగలు, వాటిలో మాటలు వెలుగై పోతాయట. పదో తరగతి చాలు, శుక్రవారంలోగా పేరివ్వాలి. పిల్లకి ప్రాణం లేచొచ్చింది. తల్లేమో అప్పటికే వీధి చివర టైలరక్క దగ్గర పనికి మాట్లాడేసింది.

"అమ్మకి చెప్పావుటే?" అనడిగాడు మామయ్య.

"చెప్పాను. వంటింట్లో."

"కుక్కరు పొయ్యి మీద ఉందా?"

"కూత వేస్తోంది."

"విని ఏమంది?"

"స్టవ్ కట్టెయ్యమంది."

మామయ్య తల పట్టుకున్నాడు. "మీ చెల్లెలేగా, మీరే చెప్పండి," అంది అత్తయ్య.

"నేను చెబితే కంపెనీ నాది, పిల్లకి నేనే ఎక్కించానంటుంది. నువ్వు చెబితే నేను పంపానంటుంది. రెండో దారి మన గడప తొక్కకూడదు."

మర్నాడు మామయ్య చొక్కా గుడ్డ చంకన పెట్టుకుని టైలరక్క దుకాణానికి వెళ్ళడం పిల్ల కిటికీలోంచి చూసింది. ఆమె కుట్టేవన్నీ ఆడవాళ్ళ బట్టలు. ఆ మాటే చెప్పినా, "కుట్టి చూడమ్మా, పోయేదేముంది," అని అక్కడే చతికిలబడ్డాడు. చేతులు బిగుతని ఒకసారి, వదులని ఇంకోసారి వెళ్ళాడు. గురువారం ఆ చొక్కా తొడుక్కుని ఆఫీసుకి బయల్దేరాడు. బొత్తాలు ఎడం పక్కన, నడుం దగ్గర నొక్కు, భుజాల మీద బుట్టలు. అత్తయ్య తలుపు పట్టుకుని నవ్వలేక చచ్చింది.

ఆ సాయంత్రం టైలరక్క కింది వాటాకి వచ్చింది. "వదినా, మీ పిల్ల నాకొద్దమ్మా," అంది.

తలుపు చాటున పిల్ల చెవులు రిక్కించింది.

"ఏం, కుట్టు రాదా దానికి?"

"రాకేం? ఎన్నిసార్లు నా దగ్గర అంచులు కుట్టిందో. సూదిలో దారం దానిలా ఎక్కించేవాళ్ళని నేను చూళ్ళేదు. అంత సన్నపని చేసే చేతిని గౌన్లకి పాడుచెయ్యనా? గాజు తీగల పనేదో నేర్పుతారటగా. దాన్నే అడుగు."

ఆమె వెళ్ళగానే పిలుపొచ్చింది. "ఏమేవ్, ఇలా రా. ఆ గాజు పనికి వెళ్తావా?"

"వెళ్తానమ్మా." ఈసారి కుక్కరు లేదు.

"మొన్న వంటింట్లో గొణిగింది అదేనా?"

"విన్నావా!"

"నాకేం చెవుడా? మీ మామయ్య నూరిపోస్తే అన్నావనుకున్నా. మీ మామయ్యతో మాటైనా లేని మనిషి వచ్చి అదే చెబుతోందంటే ఇందులో ఏదో ఉందన్నమాట. రేపు పేరిచ్చెయ్."

మాటైనా లేని మనిషి! పిల్లకి ఆ చొక్కా సంగతి అప్పుడు తెలిసింది. తన పీలగొంతు మాట మధ్యలో తెగిపోకుండా చూడ్డానికి, ఇంత వయసొచ్చిన మనిషి పొద్దుణ్ణించీ బుట్టచేతులు తొడుక్కుని ఊరంతా తిరుగుతున్నాడు.

సరిగ్గా అప్పుడే ఆఫీసు నించి మామయ్య గుమ్మంలోకి వచ్చాడు, ఏమీ ఎరగనట్టు. తల్లి ఆయన్ని ఎగాదిగా చూసింది.

"అన్నయ్యా, ఏమిటీ వేషం? ఎవరు కుట్టారు దీన్ని? వాళ్ళ చేతులు విరగ!"

మామయ్య పైకప్పు చూశాడు. పిల్ల మామయ్యని చూసింది. పెదాలు బిగబట్టింది, కొంగు నోట్లో కుక్కుకుంది, లాభం లేకపోయింది. పకపకా, మేడ మీది అత్తయ్య రెయిలింగు మీంచి కిందికి వంగి చూసేంత గట్టిగా నవ్వింది.

తల్లి ఉలిక్కిపడింది. ఆ ఇంట్లో అంత గట్టి గొంతు తనది కాక ఇంకొకటి ఉందని ఆమెకి తెలియడం అదే మొదటిసారి.