చింతచెట్టు నీడలో తీసిన గుంత

ఒకే ఒక్క గుంతతో ఒక ఇంటినీ ఒక పెండ్లి సంబంధాన్నీ కూల్చిన ఇంజనీరును మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. మాలాంటివాళ్లం బయటపడం. ఇన్నేళ్లకు నేనే నోరు విప్పుతున్నాను కాబట్టి నవ్వదలచుకున్నవాళ్లు నవ్వండి. మా అక్క ఎదురుగా మాత్రం వద్దు.

తొంభైల చివరి సంగతి. హోసూరులో ఫ్యాక్టరీ షెడ్లు కట్టే ఒక కాంట్రాక్టరు దగ్గర కొత్తగా చేరాను. పునాది వేసే ముందు మట్టి తీయించి పరీక్షకు పంపడం నా పని. పసుపు హెల్మెట్టు ఇచ్చారు. దాన్ని పెట్టుకునే బస్సెక్కేవాణ్ణి, కండక్టరు కూడా నన్ను గౌరవించాలని. నల్ల బంకమన్ను తడిస్తే పూరీలా పొంగుతుందనీ, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుందనీ, దానిమీద మామూలు పునాది వేస్తే ఇల్లు ఊపిరి పీల్చినట్టు లేచి దిగుతుందనీ కాలేజీ పరీక్షలో పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. పాపం తెలియక చేశాడని నా తరఫున ఎవరూ వాదించే వీలు లేదు.

ఉద్దనపల్లి దగ్గర మా బావ కిష్టప్ప టమాటా పండించేవాడు. మా అక్క రత్నమ్మకు పెండ్లయిననాటి నుంచి ఒకటే కోరిక, తనదంటూ ఒక ఇల్లు. చివరికి పొలంలోనే, బావి పక్కన కట్టాలనుకున్నారు.

"ఇంట్లోనే ఇంజనీరు ఉండంగా బయటోణ్ణి పిలిచేదెందుకప్పా? నువ్వు యాడ తవ్వమంటే ఆడ తవ్విస్తా," అన్నాడు బావ.

నడి వేసవిలో పోయాను. బావి పక్కన నిలబడితే నెత్తిమీద దోసె పోసుకోవచ్చు. పొలం ఈ చివర చింతచెట్టు ఒకటి ఉంది, దాని కింద చల్లటి నీడ. నాలోని ఇంజనీరు ఒక్క క్షణం తటపటాయించాడు. నాలోని మనిషి నేరుగా నీడలోకి పోయి కూర్చున్నాడు.

అక్క మజ్జిగ తెచ్చింది. "ఇల్లు ఆడ కదప్పా కట్టేది? గుంత ఈడ తీయిస్తాండావే?"

"నేలంతా ఒకటే అక్కా. ఒకే పొలంలో రెండు రకాల మట్టి ఉంటుందా ఏమి?"

"అట్లనా? సదువుకున్నోడివి, నీకే తెలియాల," అంది. వెక్కిరింపు కాదు, నిజంగానే నమ్మింది. ఆ నమ్మకం తలుచుకుంటే ఇప్పటికీ మజ్జిగ గొంతు దిగదు.

గుంతలో ఎర్రటి గరుకు మట్టి వచ్చింది. పరీక్షలో బ్రహ్మాండమైన నేల అని తేలింది. నిజమే, చింతచెట్టుకు ఇల్లు కట్టి ఉంటే ఈపాటికి రాయిలా నిలబడి ఉండేది.

పునాదికి కొలతల ముగ్గు పోసే రోజున బావి వైపు నడుస్తుంటే నా చెప్పు నేలలోని నెర్రెలో ఇరుక్కుని తెగింది. కింద నల్లటి నేల, చెయ్యి పట్టేంత నెర్రెలు! భూమాత నా కాలు పట్టుకుని ఆపుతోంటే నేనేమన్నానో తెలుసా? "ఎండలు ఎక్కువ బావా, నేల ఎండిపోయింది." మహా కనిపెట్టినట్టు. లోతు లేని రాతి పునాది వేయించాను. వానలకు ముందే ఇల్లు లేచింది. గృహప్రవేశం నాడు అక్క ఒక్కో గోడనూ బిడ్డను నిమిరినట్టు నిమిరింది.

సరిగ్గా అప్పుడే బాగలూరులో పూలతోటలున్నవాళ్ల అమ్మాయితో నాకు సంబంధం కుదిరేట్టుండింది. ఒక పెండ్లిలో ఆ అమ్మాయిని చూశాను, మనసు పారేసుకున్నాను. "నేను కట్టించిన ఇల్లు చూడండి, నా సంగతి తెలుస్తుంది," అని మధ్యవర్తితో గొప్పలు పోయాను. వాళ్ల నాయన సరే, వచ్చి చూస్తానన్నాడు. ఆలోగా వానలు పట్టుకున్నాయి.

ఆయన వచ్చే రోజు పొద్దున అక్క అంది: "తలుపులు బిగుసుకుంటాండాయప్పా."

"కొత్త చెక్క అక్కా, వానకు ఉబ్బింది."

ఉబ్బింది చెక్క కాదని నాకు తెలిసి ఉండాల్సింది.

ఆయన తెల్లచొక్కాలో వచ్చాడు, కాఫీ తాగాడు, నడిమధ్యలో తాబేటి వీపులా లేచిన గచ్చును ఎగాదిగా చూశాడు. చెయ్యి కడుక్కుంటానని బాత్రూములోకి పోయి తలుపేసుకున్నాడు. అంతే, తలుపు మళ్లీ తెరుచుకోలేదు.

"ఏమప్పా, తలుపు తీయండప్పా!"

"మీరు లోపలికి లాగండి మామా!" అన్నాను తొందరపడి.

"లాగతానే ఉండాను! ఇంకా మామ కాలేదులే నేను!"

బావ గడ్డపార తెచ్చాడు. లోపలినుంచి మళ్లీ గొంతు: "ఈ ఇంటికి ఇంజనీరు ఎవరప్పా?"

బావ మంచివాడు. "యెవరో హోసూరాయన..." అని నసిగాడు. అక్క మాత్రం అలవాటు కొద్దీ గర్వంగా అరిచింది: "మా తమ్ముడే సామీ!"

తలుపు విరిగింది. దానితోపాటు పైనున్న సున్నపు పెచ్చు ఆయన భుజం మీద పడింది. ఆయన చొక్కా దులుపుకున్నాడు, కిటికీ మూలనుంచి మిద్దె దాకా ఏటవాలుగా పాకిన పగులును తీరిగ్గా చూశాడు.

"ఇంటి కింద ఏముండాదో చూడనోడు, పిల్ల మనసులో ఏముండాదో ఏం చూస్తాడు? పోయొస్తామప్పా."

పోయాడు, మళ్లీ రాలేదు. అమ్మాయికి వేరేచోట పెండ్లయిందని తర్వాత విన్నాను. ఆ దుఃఖం కొన్నాళ్లకు తగ్గింది. తగ్గనిది వేరే ఉంది. ఆ సాయంత్రం అక్క పగులు మీద చెయ్యి పెట్టి, "తప్పు నాదేలేప్పా. నీళ్లు దగ్గరుంటాయని బావి పక్కన కావాలని నేనే అంటిని," అంది.

అప్పుడిక ఆగలేకపోయాను. నీడ కోసం గుంత అక్కడ తీశానని చెప్పేశాను. అక్క పగులు మీదనుంచి చెయ్యి తీసింది.

"ఎండ అని చెప్పింటే నేను గొడుగు పట్టుకోని నిలబడతా ఉంటిని కదప్పా."

తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటి చుట్టూ నల్లమట్టి తీయించి గరుకు మట్టి నింపాను, స్నానాల నీళ్లు దూరంగా మళ్లించాను. అయినా రెండు గదులు పడగొట్టక తప్పలేదు. లోతుగా దిగి అడుగున గడ్డలా ఉబ్బి, మట్టి పొంగినా కదలని కాంక్రీటు గుంజల మీద వాటిని మళ్లీ లేపేదాకా అక్క రేకుల కింద పొగలో వంట చేసింది. బావ అంతకుముందు నన్ను "మా ఇంజనీరు" అని పరిచయం చేసేవాడు, ఆ తర్వాత "మా ఆవిడ తమ్ముడు" అనేవాడు, అంతే.

కొన్నేళ్లకు కుందారపల్లిలో నాకు పెండ్లయింది. పిల్లనిచ్చిన మామ కొత్త ఇల్లు కడతానని నన్ను పిలిచినప్పుడు, బంధువులందరి ముందూ లేచి నిలబడి గంభీరంగా ప్రమాణం చేశాను: "గోడ ఎక్కడ లేస్తుందో అక్కడే మట్టి తీస్తాను. నడినెత్తి మాడిపోయినా పక్కకు జరగను. మా అక్క మీద ఒట్టు!"

వెనకనుంచి అక్క గొంతు వినిపించింది: "ఒట్టు నీ నెత్తిమీదనే ఏసుకో నాయనా. నా మీద నువ్వు ఏసిన బరువు ఇంకా దిగలేదు."