కండెలు చుడుతూ నేర్పిన కథ

“ఆ షమీమే చేసింటాది, అవ్వా. ఇంట్లో కూచోని జవాబులన్నీ తానే రాసుకొనింటాది.”

“నువ్వు చూసినావా?”

“చూసేదేముండాది? అంతమంది ముసలోళ్లు కథను ఒక్క ముక్క పోకుండా చెప్పినారంటే ఎవురు నమ్ముతారు? ఇప్పుడు నన్ను నిలదీసి అడుగుతాండారు.”

“ఆ పిల్ల అట్లాంటిది కాదు. దాని నోటికాడి కూడు తియ్యద్దు.”

“నీకేం తెలుసు? నడమ దూరొద్దు.”

నాకు తెలుసు. ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. ఇన్నేళ్లుగా ఆ బరువును మోస్తూనే పొయ్యి ముట్టించాను, బియ్యం చెరిగాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను.

సుజాత నా కూతురి బిడ్డ. మెదడు మీద పరిశోధన చేస్తుంది. నేను మూడో తరగతి దాటలేదు. నాకు అర్థమైనంతలో దాని పని, పెద్దవయసులో మతిమరుపు ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో చూసి రాయడం. ఆ రాతను వేరేవాళ్లు తమ రాతల్లో ఎన్నిసార్లు పేర్కొంటే దీనికి అంత పేరట. ఊరికే ఎవరైనా ఎవరి పేరైనా చెప్తారా? నాకు మొదటినుంచీ అనుమానమే.

కమలాపురం దగ్గర మా మగ్గాల వీధిలో ఆడవాళ్లు చిన్నప్పటినుంచి కండెలకు నూలు చుడతారు. ఆ పనితో జ్ఞాపకం గట్టిపడుతుందేమో చూడాలని సుజాత వచ్చింది. పక్క వీధి దర్జీ కూతురు షమీమ్‌ను పనికి పెట్టుకుంది. ఆ పిల్ల ఒక చిన్న కథ చదివి వినిపిస్తే, కొంతసేపయ్యాక ముసలివాళ్లు తిరిగి చెప్పాలి. సొంత మనిషినని నన్ను లెక్కలో వేయలేదు. కానీ కథ కుదిరిందో లేదో సుజాత ముందు నాకే చదివి చూసుకుంది. డోన్ సంతకు గొర్రెలు తోలుకొనిపోయిన మనిషి కథ.

ఈ పరీక్షను నేను నమ్మలేదు. ముసలివాళ్లకు మతి ఉంటే ఎవరికేం, లేకపోతే ఎవరికేం? మతి లేదని ఒక కాగితం పుట్టిందంటే పింఛను ఆగిపోదా? కొడుకులు ఇల్లు రాయించుకోరా? మా వీధిలో ఒక అలవాటుంది. ఆఫీసువాళ్లు ఏది అడగడానికి వచ్చినా, ముందు తెలిసినవాళ్లు మిగతావాళ్లకు జవాబు చెప్పిపెడతారు. రేషన్ కార్డుకైనా అంతే. నేనూ అదే చేశాను. అరుగు మీద కండెలు చుడుతూ ఆ కథను అందరికీ నేర్పాను. తప్పు చెప్పినవాళ్లను తిట్టి మళ్లీ చెప్పించాను.

షమీమ్ ఒకసారి నన్ను అడిగింది.

“అవ్వా, గొర్రె బస్సెక్కిందనే కాడ అందరూ ఒకే మాదిరి నవ్వుతాండారు. ఎట్లా?”

“మా వీధోళ్ల తలకాయలు మంచివి. నీ పని నువ్వు చూసుకో పో.”

పోయింది. మళ్లీ అడగలేదు.

కండెలు చుట్టేవాళ్లకు మతిమరుపు రాదన్న సుజాత రాతకు పేరొచ్చింది. ఎక్కడెక్కడివాళ్లో దాన్ని పేర్కొన్నారు. పెద్ద ఉద్యోగం వచ్చింది. ఎవరి పింఛనూ పోలేదు. మరి అప్పుడైనా ఎందుకు చెప్పలేదు? పిల్ల పేరు చెడుతుందనా? లేక ఆ పేరులో నా చెయ్యి కూడా ఉందని లోలోపల మురిసిపోయానా? పాలవాణ్ణి, వాడి కొలతను, ఇంటికొచ్చిన చుట్టాన్ని అనుమానించేదాన్ని, నన్ను నేను ఒక్కనాడూ అనుమానించుకోలేదే!

ఇప్పుడు కర్నూలు వైపు మగ్గాలవాళ్ల మీద ఎవరో అదే పరీక్ష చేశారట. వాళ్ల జ్ఞాపకం అందరిలాగే ఉందట. దాంతో సుజాతను ప్రశ్నలు అడుగుతున్నారు. సుజాత ఆ నిందను ఇప్పటికీ తన దగ్గరే పనిచేస్తున్న షమీమ్ మీదికి తోసింది. తప్పంతా ఆమెదేనని తెల్లారి రాసి పంపుతానంది.

తెల్లవారి కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుని అంతా చెప్పాను.

“ఎంతమందికి నేర్పినావు?”

“అందరికీ.”

సుజాత కంప్యూటర్ తెరిచి, ఆ రాతను వెనక్కి తీసుకుంటున్నానని, షమీమ్ తప్పేమీ లేదని రాసి పంపింది. షమీమ్‌కు ఫోన్ చేసింది. ఆ పిల్ల అంతా విని, ఫోన్ పెట్టేసింది. ఇద్దరిలో ఎవరినీ క్షమించమని నేను అడగలేదు. అడిగే మొగం లేదు. ఊపిరి మాత్రం సులువుగా ఆడింది. సుజాత సంచి తీసుకుని కడప బస్సెక్కింది. అది ముట్టని కాఫీ చల్లారిపోయింది. పారబోయబుద్ధి కాక నేనే తాగాను.