ఉత్త లైటు

మొన్న మంగళవారం మధ్యాహ్నం మా మరిది కొడుకు స్టూడియోలో ముగ్గురు కూర్చుని ఒక కొత్త కెమెరాను తిట్టిపోశారు. పాపం, ఆ కెమెరా అక్కడ లేదు. అది ఇంకా దుకాణాలకే రాలేదట. ఇలాంటిది తెస్తున్నామని కంపెనీవాళ్లు ముందురోజు ప్రకటించారు, తెల్లారేసరికి దాని బొమ్మ అందరి ఫోన్లలోకీ వచ్చింది. ఎదుట లేని మనిషిని తిట్టడంలో ఉండే సుఖం ఎదుట లేని వస్తువును తిట్టడంలో కూడా ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. మంచిర్యాలలో మాది పైన ఇల్లు, కింద స్టూడియో. కరెంటు పోయినప్పుడల్లా నేను కిందికి దిగి ఇన్వర్టర్ ఫ్యాను కింద కూర్చుంటాను. మా ఆయన బతికి ఉన్నప్పుడు స్టూడియో ఆయనది. ఇప్పుడు మరిది కొడుకు నడుపుతున్నాడు, గోడలకు రంగు మార్చాడు, నా కుర్చీ మాత్రం మార్చలేదు.

"నొక్కకముందే తీస్తదట," అన్నాడు మా మరిది కొడుకు ఫోన్ మీద వేలు జరుపుతూ. "మనం బటన్ ఒత్తేకంటె ముందటి సెకను సుత దాని తాన జమయి ఉంటదట. ఎవలన్న కండ్లు మూస్తే అదే తెరుస్తదట."

"ఇగ మనమెందుకు మరి?" అన్నాడు ఆసిఫాబాద్ నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్. వాళ్ల నాన్నది కూడా ఇదే పని. "దాన్నే ఆటో ఎక్కిచ్చి పెండ్లికి పంపు. ఫోటోలు గుంజి, బువ్వ తిని, అదే వాపస్ వస్తది."

"అరే బాబా, అది బువ్వ తినదు గద, గందుకే పెండ్లోళ్లకు మస్తు నచ్చుతది," అన్నాడు మూడో ఆయన, భైంసా నుంచి వచ్చిన ఫోటోగ్రాఫర్. "మనమైతే రెండుమాట్ల పాయసం అడుగుతం."

ముగ్గురూ నవ్వారు కానీ ఆ నవ్వులో తీపి లేదు. రోజుకొకటి తెచ్చి మన కడుపు మీద కొడుతున్నారని ఒకడు, యూనియన్‌లో తీర్మానం చేసి ఎవ్వరూ కొనకుండా చూడాలని ఇంకొకడు. "పెద్దబాపు ఉంటే చేసేటోడు," అన్నాడు మా వాడు, గోడ మీది మా ఆయన ఫోటో వైపు చూసి. దానికి ఆసిఫాబాద్ అబ్బాయి మూతి తిప్పాడు. "ఏం చేసేటోడు? డిజిటల్ కెమెరా వద్దని దసరాకు తీర్మానం జేసిండు, మళ్ల ఆయనే ముందుగాల కొన్నడు. మా బాపు సచ్చేదాక తిట్టిండు ఆయన్ను." అప్పుడు నేనున్నానని గుర్తొచ్చి నాలుక కరుచుకున్నాడు. "ఏమనుకోకు పెద్దమ్మా."

"ఏమనుకోను. కానీ ఆ తీర్మానం దసరాకు కాదు, ఆషాఢంల అయింది," అన్నాను. తిట్టేవాళ్లు తిట్టవచ్చు, తిథి మాత్రం సరిగ్గా చెప్పాలి. "మరి ఎందుకు కొన్నడే?" అని అడిగాడా అబ్బాయి. "కొనబుద్ధయింది, కొన్నడు," అని ఊరుకున్నాను. మా ఆయన చెప్పొద్దన్న మాట అది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఇప్పుడు ఇక్కడ రాయవచ్చని నేనే నిర్ణయించుకున్నాను.

ఆషాఢంలో పెళ్లిళ్లుండవు. పని లేని ఫోటోగ్రాఫర్ కంటే కోపిష్టి మనిషిని నేను చూడలేదు. సరిగ్గా అలాంటి రోజుల్లోనే హైదరాబాద్ నుంచి ఒక ఏజెంటు డిజిటల్ కెమెరా చూపిస్తానని కబురు పంపి, కరీంనగర్ బస్టాండు దగ్గర ఒక హోటల్ మేడ మీద అందర్నీ కూడగట్టాడు. ఆదిలాబాద్ వైపు నుంచి, జగిత్యాల వైపు నుంచి, బొగ్గు గనుల కాలనీల నుంచి వచ్చారు. మా ఆయన వాళ్ల యూనియన్ అధ్యక్షుడు. నేను మా చెల్లెలి ఇంటికి పోవలసి ఉండి ఆయనతో వెళ్లాను. హాల్లో నేనొక్కదాన్నే ఆడమనిషిని కాబట్టి వెనక కిటికీ పక్కన కూర్చోబెట్టారు. నిజానికి అక్కడున్న సగం మంది కంటే ఆ పని నాకే ఎక్కువ తెలుసు. రంగు రీళ్లు కరీంనగర్ ల్యాబుకు బస్సులో పంపడం, వచ్చిన ఫోటోలు సరిచూసి ఆల్బంలో అతికించడం, నలుపు-తెలుపు పాస్‌పోర్టు ఫోటోలు చీకటిగదిలో కడగడం, చుక్కలూ గీతలూ పెన్సిలుతో దిద్దడం అంతా నాది. ఫోటోలు కడిగే హైపో మందు వాసన నా చీరలకు పట్టి, చుట్టాలింటికి పోతే పిల్లలు ముక్కు మూసుకునేవారు.

ఏజెంటు కెమెరా పైకెత్తగానే మొదలైంది. "రీలు ఏది?" అన్నారు. రీలు లేదు, అన్నీ ఒక చిన్న బిళ్లలో పడతాయన్నాడు. "రీలు లేకుంట ఫోటో ఏంది, ఇత్తులు లేకుంట చేను లెక్క?" "గింత బిళ్లల పెండ్లి మొత్తం పడుతదంటే మేము పిచ్చోళ్లమా?" "కరెంటు పోతే ఎట్ల? మా ఊర్ల కరెంటు వస్తెనే వార్త." ఏజెంటు మంచివాడు, చెమట తుడుచుకుంటూ అన్నింటికీ జవాబు చెప్పాడు. చివరికి మాటలతో కాదనుకుని, చాయ్ పోస్తున్న హోటల్ ముసలాయనను నిలబెట్టి ఫోటో తీసి, కెమెరా తిప్పి వెనక ఉన్న చిన్న అద్దం ఆయన ముందు పెట్టాడు. ముసలాయన కెటిలు కింద పెట్టి, భుజం మీది గుడ్డతో చేతులు తుడుచుకుని చూశాడు. "గిది నేనేనా? గప్పుడే వచ్చిన్నా?" అన్నాడు. అప్పటిదాకా అరుస్తున్న హాలంతా చల్లబడింది. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

మా ఆయన లేచాడు. మామూలుగా మెల్లగా మాట్లాడే మనిషి, ఆ రోజు గొంతు పెంచాడు. "గుంజినోనికి, దిగినోనికి నడుమ నాలుగు దినాలు ఉండాలె. కడగాలె, ఆరాలె, ఎదురు సూడాలె. గప్పుడే ఫోటోకు ఇజ్జత్. గీ డబ్బ మన మధ్యల ఎవ్వని చేతులున్నా వాడు మనోడు కాదు." చప్పట్లు మోగాయి. బల్ల మీద ఒక పాత కెమెరా పెట్టి, దసరా పూజలో చేసినట్టు కుంకుమ బొట్టు పెట్టి, ఒక్కొక్కరే వచ్చి దాని మీద చెయ్యి వేసి ఒట్టు పెట్టుకున్నారు. తిరుగు బస్సులో మా ఆయన నా చెవి దగ్గర చిన్నగా అన్నాడు: "గా వెనక అద్దం సూసినవా? రీలు గీలు కాదు, గా అద్దమే మనల ముంచేది."

నాకు వెంటనే అర్థమైంది. చదివేవాళ్లకు అర్థం కావాలంటే ఒక సంగతి చెప్పాలి. పెళ్లివాళ్లు మూడు రీళ్లకో నాలుగు రీళ్లకో మాట్లాడుకునేవారు. రీలుకు ముప్పై ఆరు ఫోటోలు, జాగ్రత్తగా ఎక్కిస్తే ముప్పై ఏడు. కానీ పెళ్లికి వచ్చినవాళ్లు ఊరంత. ప్రతివాళ్లూ వేదిక ఎక్కి అక్షింతలు వేసి, పెళ్లికూతురు, పెళ్లికొడుకు పక్కన నిలబడి కెమెరా వైపు చూసేవారు. తీయకపోతే అలక, పిల్ల తండ్రికి తలవంపు. అందుకని ఫోటోగ్రాఫర్లందరికీ ఒక ఉపాయం ఉండేది. ఫ్లాష్ వెనక, అది పని చేస్తున్నదో లేదో చూసుకోవడానికి ఒక చిన్న బటన్ ఉంటుంది. కెమెరా కంటికి పెట్టుకుని, ఫోటో తీసే బటన్ వదిలేసి ఆ చిన్న బటన్ నొక్కితే లైటు మెరుస్తుంది, రీలు కదలదు. నిలబడినవాళ్లు సంతోషంగా దిగిపోతారు. మా ఇంట్లో దానికి ఉత్త లైటు అని పేరు. ఎవరికి రీలు, ఎవరికి ఉత్త లైటు అనేది చీరల జరీ చూసి, పిల్ల తండ్రి ఎవరికి ఎదురెళ్తున్నాడో చూసి క్షణంలో తేల్చేవారు. ఆల్బంలో లేకపోతే ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు. బాగా రాలేదేమో అనుకునేవారు. వెనక అద్దం ఉన్న కెమెరా వస్తే, ప్రతివాడూ ఆ హోటల్ ముసలాయనలాగే "ఏది, సూపియ్యి" అంటాడు. హాలు చల్లబడింది అందుకే.

ఆ మీటింగుకు ముందు, ఆ ఏటి ఎండాకాలంలోనే శ్రీరాంపూర్‌లో ఒక పెళ్లి చేశాడు మా ఆయన. మర్నాడు రీళ్లు ల్యాబుకు కట్టిస్తుంటే నవ్వుతూ చెప్పాడు. "ఒకాయన ఎక్కిండు, గనిల బదిలీ కూలీ లెక్క ఉన్నడు. పెండ్లాం, ఇద్దరు పిల్లలు. సిన్న పిల్ల ఆయన మీసం పట్టి గుంజింది. ఎంత నవ్విండనుకున్నవ్! నా వేలు పెద్ద బటన్ మీదికి పోయింది. మళ్ల అప్పగింతలు యాదికొచ్చినయి." అప్పగింతల ఏడుపుల కోసం చివరి నాలుగు ఫోటోలు దాచుకోవడం ఆయన నియమం. ఆ కుటుంబానికి ఉత్త లైటు దక్కింది.

శ్రావణంలో, ఒక గురువారం, ముసురు పట్టి ఉంది. ఒకామె చంకలో పిల్లతో, చేత పిల్లవాడితో స్టూడియో మెట్లెక్కింది. మా ఆయన ఆమెను చూడగానే గుర్తుపట్టాడు, ఆయన మెడ వంగిపోవడం చూస్తే నాకు తెలిసింది.

"అన్నా, గా శ్రీరాంపూర్ పెండ్లిల నువ్వు మా నలుగురిని ఫోటో గుంజినవు," అంది ఆమె. "మా ఆయన పసిరికలయి, కండ్లు పచ్చగయి పోయిండు. పెండ్లోళ్ల ఆల్బం మొత్తం తిప్పిన, అండ్ల మేము లేము. నీ తాన ఉంటది గద."

"కూసో చెల్లె, ఎతుకుత," అన్నాడు మా ఆయన. నెగెటివ్‌లు తీసి ట్యూబులైటుకు పెట్టి ఒక్కొక్కటీ చూశాడు. ఉన్నదాన్ని వెతికేవాడి కంటే లేనిదాన్ని వెతికేవాడికి ఎక్కువసేపు పడుతుంది. "ఇయ్యాల దొరుకుత లేదు. జర టైం పడుతది," అన్నాడు. మరుసటి గురువారం ఆమె మళ్లీ వచ్చింది. ఈసారి నేను కలగజేసుకున్నాను. మా ఆయన వంగిన మెడ నేను ఇంకెంతసేపో చూడలేకపోయాను.

"గుర్తింపు కార్డుది ఉంటే తెచ్చియ్యి, పెద్దగ చేసి ఇస్త. పైన కోటు సుత ఏస్త," అన్నాను. ఆ రోజుల్లో పోయినవాళ్ల ఫోటో పెద్దది చేస్తే కోటూ టై గీసి ఇవ్వడం మర్యాద. పొలం తప్ప ఏమీ ఎరగని ఎంతోమందికి నేను కోట్లు తొడిగాను.

"అండ్ల దొంగ లెక్క ఉంటడక్కా," అంది ఆమె. "కోటేసుకొని ఇప్పుడు ఏడికి పోతడు? నాకు గా నవ్విందే గావాలె. పెండ్లయినకాడికెళ్లి ఆయన నవ్వంగ గుంజింది గదొక్కటే."

మూడో గురువారం మా ఆయన నెగెటివ్‌ల డబ్బా తీయలేదు. బెంచీ మీద ఆమె పక్కన కాకుండా ఎదురుగా నిలబడ్డాడు. "ఎతికేది ఏం లేదు చెల్లె. రీలు ఒడిసే మోపైంది. మీకు లైటొక్కటే కొట్టిన. ఫోటో గుంజలే."

ఆమెకు అర్థం కాలేదు. "లైటొచ్చింది గదనే. నా కండ్లు జిగేలుమన్నయి."

ఆయన ఫ్లాష్ తెచ్చి, వెనక చిన్న బటన్ చూపించి, గోడ వైపు తిప్పి నొక్కాడు. గది ఒక్కసారి తెల్లబడింది. చంకలో పిల్ల ఉలిక్కిపడి, ఇంకోసారి కావాలన్నట్టు చెయ్యి చాచింది. ఆమె ఆ బటన్‌ను చాలాసేపు చూసింది.

"ఫోటో గుంజనోనివి లైటెందుకు కొట్టినవు?" అంది. గొంతు పెంచలేదు. "కొట్టకుంటే ఊకనే దిగిపోయెటోళ్లం గద. ఇన్నాళ్లు ఉన్నదనుకొని ఉండకపోదును. జరీ చీరలోళ్లకు సుత గిట్లనే కొడుతవా?" ఆమె లేచి కొంగు బిగించుకుంది. "మన్నువడ నీ లైటు మీద," అని, పిల్లవాడి చెయ్యి పట్టుకుని వానలోకే దిగిపోయింది.

వారం తిరగకుండా మా ఆయన హైదరాబాద్ పోయి ఆ కెమెరా తెచ్చాడు. దాని డబ్బు ఎలా వచ్చిందో నా లెక్కల్లో ఉంది, ఇక్కడ దానితో పని లేదు. సంగతి తెలిసి యూనియన్ వాళ్లు మీదపడ్డారు. ఆసిఫాబాద్ అబ్బాయి నాన్న మంచిర్యాల దాకా వచ్చి, లోపలికి రాకుండా రోడ్డు మీద నిలబడి అరిచాడు. "ఒట్టు పెట్టిచ్చినోనివి నువ్వే, తుంగల తొక్కినోనివి నువ్వే! బొట్టు పెట్టిన కెమెరా మీద చెయ్యి వెట్టినవ్ గదరా!" మా ఆయన గడప మీదికి వచ్చి, "ఔ, వెట్టిన," అన్నాడు. అంతే. అధ్యక్ష పదవి తీసేశారు. దసరా పూజకు పిలవలేదు. ఎదురుపడితే ఉమ్మినవాళ్లు కూడా ఉన్నారు. నాకు ఓర్పు తక్కువ. "అయింది చెప్పరాదు? వాళ్లు కొట్టని లైటా?" అన్నాను. "చెప్తే నవ్వుతరు," అన్నాడు. "ఆమె ముచ్చటకు ఎవ్వలన్న నవ్వితే నేను ఓర్వ."

దీపావళికి ముందు, వానలు వెనకబట్టాక, ఆ కెమెరా తీసుకుని ఇద్దరం స్కూటర్ మీద శ్రీరాంపూర్ పోయాం. కాలనీ వెనక ఒక్క గది ఇల్లు, గోడకు సున్నం కంటే బొగ్గు దుమ్మే ఎక్కువ. ఆమె గడపలోనే నిలబడింది. కూర్చోమనలేదు.

"మళ్ల లైటు కొట్ట వచ్చినవా?"

"లైటు తేలే. ఎండలనే గుంజుత. నువ్వు సూసి మంచిగున్నది అన్నంకనే పోత," అన్నాడు మా ఆయన.

ఆమె లోపలికి పోయి పిల్లకు తల దువ్వి, పౌడరు రాసి, ఇద్దర్నీ గోడకు నిలబెట్టింది. తాను నిలబడలేదు. ఆయన తీసి, కెమెరా తిప్పి ఆమె ముందు పట్టాడు. ఆమె కొంగు అడ్డం పెట్టి నీడ చేసుకుని చూసింది. "పిల్లగాడు కండ్లు మూసిండు. ఇంకోటి." తీశాడు. "పిల్ల మొఖం సగమే వచ్చింది. ఇంకోటి." నలభై ఏళ్ల పనిలో మా ఆయన చేత రెండోసారి తీయించుకున్నవాళ్లు లేరు, ఎమ్మెల్యేలతో సహా. ఆ రోజు చొక్కా వీపంతా తడిసిపోయినా తీస్తూనే ఉన్నాడు, తీసిన ప్రతిదీ పంతులుకు పలక చూపించినట్టు చూపిస్తూనే ఉన్నాడు. ఆమె మంచినీళ్లు ఇవ్వలేదు, మేమూ అడగలేదు. క్షమించిందని నేను రాయను, ఆ మాట ఆమె అనలేదు. కాలం కదలడాన్ని నేను కళ్లారా చూసింది ఆ ఒక్కరోజే. ఆమె "ఇంకోటి" అన్నప్పుడల్లా పిల్లలు ఆగారు, మా ఆయన ఆగాడు, గోడ మీది ఎండ ఆగలేదు.