పసుపు కేప్ అంచు

కొత్త బట్టను పాతబట్టగా మార్చడం ఆమె ఉద్యోగం. కెమిస్ట్రీ చదివి సినిమా దుస్తుల వర్క్‌షాపులో చేరింది. బ్లీచు ఎంత కలిపితే పదేళ్ళ ఎండ తగిలినట్టుంటుందో, ఏ గరుకు కాగితంతో రుద్దితే మోచేయి అరిగినట్టుంటుందో ఆమెకు కొట్టినపిండి. తోటివాళ్ళు ముద్దుగా ‘మురికమ్మ’ అనేవారు.

ఆమె తండ్రి అక్కడే ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన టైలరు మాస్టరు. ఆకాశంలో ఎగిరే హీరో మొదటి సినిమాకు పసుపు కేప్ కుట్టింది ఆయనే. ఆ హీరో నవ్వుతూ వచ్చి, మంటల్లోంచి పిల్లల్ని ఎత్తుకొచ్చేవాడు. ఇప్పుడు అదే కథ మళ్ళీ తీస్తున్నారు. ఈసారి హీరో తాగుతాడు, గడ్డం గీసుకోడు, ఒకణ్ణి చంపి కుమిలిపోతుంటాడు. కేప్ చిరిగి, నెత్తుటి మరకలతో ఉండాలన్నాడు దర్శకుడు.

“వాడికి స్నానం చేయించే దిక్కు లేదా?” అన్నాడు తండ్రి, సంగతి విని.

“ఇప్పటి జనానికి అలాగే నచ్చుతుంది నాన్నా. నిజంలా ఉండాలట.”

“ఎగిరేవాడికి నిజమేంటే, నీ మొహం!”

అంటూనే పెట్టె తెరిచి, దాచుకున్న పాత కేప్ చేతికిచ్చాడు. “కొలతలకే సుమా! ఎలా ఇచ్చానో అలా తెచ్చివ్వు. నీ కూతురి ఐదో పుట్టినరోజుకి పాప భుజాన కప్పాలి.”

దాన్ని చూసి వర్క్‌షాపులో మూడు నకళ్ళు కుట్టారు. పాతదానికి సరిపోయే రంగు ఆమే వేసింది. మురికి పట్టించేముందు గంజి పోయేలా బట్ట ఉతకడం పద్ధతి. కలరా ఉండల వాసన వదలాలని తండ్రి కేప్‌నూ వాటితోపాటే ఉతికింది. పిన్నులు తుప్పు మరక చేస్తాయని, ఏది ఏదో తెలియడానికి గుచ్చిన నంబరు చీటీలు ముందే తీసేసింది. తీగ మీద నాలుగూ ఒక్కలాగే ఊగాయి. తండ్రిది చేతికుట్టు, నకళ్ళవి మిషన్ కుట్టు. అంచు తిప్పి చూస్తే తెలిసిపోతుంది.

ఆ రోజు పాపకి జ్వరం. ఇంట్లో పాపను చూసుకుంటున్న తన తల్లికి ఆమె అరగంటకోసారి ఫోన్ చేస్తోంది.

“నూట రెండే. నువ్వు ఫోన్ పెట్టేస్తే తడిగుడ్డ వేస్తానే తల్లీ!” అంది తల్లి.

ఆ అంకె బుర్రలో తిరుగుతుండగా, చేతికందిన మూడూ తీగ మీంచి లాక్కుంది. రుద్దింది, బ్లీచు చల్లింది. మూడోదాని అంచు చింపబోతే దారం పరపరా ఊడిరాలేదు. ఒక్కో కుట్టూ విడిగా తెగింది. తిప్పి చూస్తే చేతికుట్టు. పరుగున కుళాయి కింద పెట్టింది. బ్లీచు తిన్న రంగు తిరిగి రాదని ఆమెకంటే తెలిసినవాళ్ళు ఆ వర్క్‌షాపులో లేరు. అయినా కడుగుతూనే ఉంది.

దర్శకుడు మూడింట్లోనూ దాన్నే ఎంచుకున్నాడు.

మిగిలిన నకలు తండ్రికిచ్చి, “నీది నీకు తెచ్చేశా, చూసుకో” అంది. ఆయన అంచు మీద బొటనవేలు నడిపాడు. మధ్యలో ఆగాడు.

“మీ హీరోకి కేప్ బాగా మాసిందా?” అన్నాడంతే.

సినిమా విడుదలైతే ఆయన రానన్నాడు. ఆమె ఒక్కతే వెళ్ళింది. హీరో ఆ కేప్‌తో బురదలో పడ్డప్పుడు హాలంతా ఈలలు. ఆమె తల దించుకుంది.

పుట్టినరోజు ముందునాడు ఆయన కిటికీ దగ్గర కూర్చుని, నకలు అంచుకున్న మిషన్ కుట్టంతా విప్పేస్తున్నాడు.

“నాన్నా, ఆ కేప్...”

“చెప్పకు. చెబితే తిట్టాలి. తిడితే ఏడుస్తావు, పాప చూస్తుంది. ఈ సూదిలో దారం ఎక్కించు. నాకు చూపు ఆనడం లేదు.”

ఎక్కించి ఇచ్చింది. ఆయన బట్టను ముక్కు దాకా తెచ్చుకుని కుట్టాడు. ఒకప్పుడు తన దగ్గర పనిచేసేవాళ్ళు ఇలా కుడితే మొహాన విసిరికొట్టేవాడు.

“వంకర పోతోందా?”

“లేదు నాన్నా,” అంది.

ఆయన తలూపి ఇంకో కుట్టు వేశాడు. అదీ పక్కకే పోయింది.