తాత మెడల్, నేను పేల్చిన ట్యాంకులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం అంటూ ఉండేది కాదు. ఇరవై రెండేళ్ళ వయసు, సారపాక కాగితం మిల్లులో వెదురు లారీలను వరుసలో నిలబెట్టే కాంట్రాక్టు ఉద్యోగం, జేబులో కొత్తగా కొన్న సెల్‌ఫోను (సిగ్నల్ కావాలంటే గోదావరి బ్రిడ్జి మీదికి నడవాలి, అది వేరే సంగతి). ఇంతటివాడికి ప్రపంచంలో తెలుసుకోవలసింది ఏముంటుంది? అందుకే తాత మెడల్ కథ తేల్చే పని నామీద పడినప్పుడు రెండు రోజుల్లో తేల్చేస్తానని మాటిచ్చాను.

తాత పోయి ఏడాది కావస్తోంది. ఏడాది తిరిగేసరికి సమాధి దగ్గర రాయి నిలబెట్టి, ప్రార్థన చేయించి, పోయినవారి జీవిత చరిత్ర ఇంటివాళ్ళలో ఒకరు చదవడం మా చర్చిలో ఆనవాయితీ. తాత జీవితంలో అందరికీ తెలిసింది ఒక్కటే, దుమ్ముగూడెం అడవుల నుంచి ఎడ్లబండి మీద వెదురు తోలడం. తెలియనిది, అంతకుముందు మిలిటరీలో గడిపిన నాలుగేళ్ళు. పెళ్ళైన రెండో నెలలోనే వెళ్ళిపోయాడట. తిరిగొచ్చాక ఎవరు అడిగినా "పోయిన, వచ్చిన" అనేవాడు. చచ్చేదాకా అదే మాట. నాయనమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి గుడ్డలో చుట్టిన మెడల్ తీసి నా చేతిలో పెట్టింది. "గా నాలుగేండ్లు యాడున్నడో, ఏం జేసిండో నాకు చెప్పకుండనే పోయిండు బిడ్డా. నువ్వన్న తెలుసుకో. రాయి మీద నిజమే రాయించు" అంది.

నేను తిన్నగా భద్రాచలంలోని ఇంటర్నెట్ సెంటర్‌కి పోయాను. అప్పట్లో బొమ్మ ఒక్కసారిగా వచ్చేది కాదు, పైనుంచి కిందికి గీత గీతగా దిగేది. మా మెడల్ మీద ఇంగ్లీషు రాజుగారి తల ఉంది. తెర మీద దిగుతున్నదీ అదే తల. మెడ దాకా దిగిందో లేదో, కరెంటు పోయింది. పైన అసాధారణ శౌర్యం గురించి రాసిన ఒక ముక్క మాత్రం అప్పటికే చదివేశాను. ఇంకేం కావాలి? (ఆ కాలంలో ప్రతి నాణెం మీదా, ప్రతి స్టాంపు మీదా అదే తల ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు.)

మర్నాడు మిల్లు క్యాంటీన్‌లో కథ మొదలుపెట్టాను. టీ వచ్చేసరికి తాత అడవి మధ్యలో ఒక వంతెన కాపాడాడు. టీ అయిపోయేసరికి ఒక ట్యాంకు పేల్చాడు. వారం తిరిగేసరికి ట్యాంకులు మూడయ్యాయి. మా సూపర్‌వైజర్ ఒక్కడే అడ్డం తగిలాడు. "గంత దట్టం అడవిల ట్యాంకులు ఎట్ల దిరిగినయ్ రా?"

"గందుకే దొరికినయ్ సార్" అన్నాను. ఆ ఊపులోనే రాళ్ళు చెక్కే ఆయన దగ్గరికి పోయి 'శత్రువు ట్యాంకులను తుత్తునియలు చేసిన వీరయోధుడు' అని రాసిచ్చి వచ్చాను.

అడ్డుపడింది పాస్టరు అయ్యగారు. "చర్చిల చదివేది గద బాబూ, ఖమ్మం పోయి మాజీ సైనికుల ఆఫీసుల ఒక కాగితం తెచ్చుకో" అన్నారు. పోయాను. అక్కడి గుమస్తా మెడల్‌ను అటూ ఇటూ తిప్పి చూసి, "గిది ఇంగ్లీషోళ్ళ కాలం లడాయిల పనిజేసినోళ్ళందరికి ఇచ్చిండ్రు తమ్మీ. వంటోళ్ళకు గూడ" అని తిరిగిచ్చేశాడు. నా ముఖం చూసి జాలిపడ్డట్టున్నాడు, అదే లడాయికి పోయొచ్చిన ఒక ముసలి టైలర్ బజారులో ఉన్నాడని దారి చెప్పాడు.

ఆ ముసలి టైలర్ తన కొడుకుల దుకాణంలో ఒక మూల కూర్చుని కాజాలు కుడుతున్నాడు. తాత ఊరు, పేరు చెప్పి ట్యాంకుల సంగతి అడగగానే సూది పక్కన పెట్టేశాడు. "అరే, మా ఖచ్చర్‌వాలా మనవడివా! ట్యాంకులా? ట్యాంకు సప్పుడింటె మా ఇద్దరికి కాళ్ళు వణికేటియి బేటా. మేం కంచరగాడిదలు తోలినం. బియ్యం, మందుగుండు, దవాఖానా సామాన్లు అన్నీ అవే మోసినయ్" అన్నాడు. కాసేపు నవ్వి, తర్వాత గొంతు తగ్గించాడు. "లడాయి అయిపోయినంక వాటిని గాడనే ఇడిసి రమ్మన్నరు. అవి కొంతదూరం మా ఎనకనే ఉరికొచ్చినయ్. మీ తాత మూడొద్దులు అన్నం ముట్టలే. మెడల్ తీసుకోను గూడ పోలే. నేనే తెచ్చి ఆయన సంచిల ఏసిన."

తిరుగు బస్సులో దారి పొడుగునా నాయనమ్మకు అబద్ధం చెప్పాలనే అనుకున్నాను. ఇంటికి చేరి ట్యాంకు కథ ఎత్తుకున్నానో లేదో, ఆవిడ నా ముఖంలోకి చూసి "ట్యాంకా? పటాకుల సప్పుడుకే ఇంట్లకు ఉరికేటోడు. సక్కగ చెప్పు" అంది. చెప్పేశాను, గాడిదలతో సహా.

నాయనమ్మ మెడల్‌ను మళ్ళీ గుడ్డలో చుట్టింది. "బండి గుంజలేని ఎడ్లను అమ్మనియ్యకపోయేటోడు" అంది. "సచ్చేదాక కొట్టంలనే కట్టేసి మేపేటోడు. మనకే కడుపు నిండకుంటె ముసలెడ్లకు కుడితేందని ఎన్ని తిట్లు తిట్టిన్నో. ఒక్కనాడన్న చెప్పొచ్చు గదయ్యా నాకు!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. నేను అప్పటిదాకా వీరుడి మనవణ్ణని మురిసిపోయానే గాని, తాత కోసం ఏడ్చింది లేదు. ఆ సాయంత్రం నాయనమ్మ పక్కన కూర్చుని ఏడ్చాను.

రాయి అప్పటికే చెక్కేశారు. చేసేదేముంది, తిరగేసి రెండోవైపు మళ్ళీ చెక్కించాం. అక్కడ రాయమని నాయనమ్మ చెప్పిన మాటలు విని అయ్యగారు ఇబ్బంది పడ్డారు. "సమాధి మీద గాడిద అని రాస్తే బాగుండదేమో అమ్మా."

"మట్టలాదివారం నాడు ప్రభువు దేని మీద వచ్చిండని పాడుతం అయ్యగారూ?" అంది నాయనమ్మ. ప్రభువు గాడిద మీదే వచ్చాడని ఏటేటా మాచేత పాడించేది ఆయనే. రాయి మీద ఇలా పడింది: 'యుద్ధంలో కంచరగాడిదలు తోలాడు. ఇంటికొచ్చి ఎడ్లు తోలాడు. దేన్నీ వదులుకోలేకపోయాడు.' ప్రార్థన రోజున జీవిత చరిత్ర నేనే చదివాను. గాడిదల దగ్గర వెనక వరుసలో ఎవరో కిసుక్కుమన్నారు. ముసలి ఎడ్ల దగ్గరికి వచ్చేసరికి నవ్వు వినిపించలేదు.

మిల్లులో ఆరు నెలల పాటు నన్ను 'గాడిదల మనవడు' అనే పిలిచారు. రాయి వెనకవైపు ప్రహరీగోడ వారగా నా ట్యాంకులు ఇప్పటికీ ఉన్నాయి. పోయినప్పుడల్లా తల వంచి ఆ ఇరుకులోకి చూసి, అంత గట్టిగా అబద్ధమాడిన కుర్రాణ్ణి తలుచుకుని నవ్వుకుంటాను. మీ తాత మిలిటరీలో ఏం చేసేవాడని ఇప్పుడెవరైనా అడిగితే గాడిదలు తోలాడని చెబుతాను. అడగకపోయినా చెబుతాను.